జాగిలం నేర్చుకున్న రోజు

కుక్కకు ఉచ్చ ఎక్కడ పోయాలో నేర్పడం గురించి రాయడానికి ఈ వయసులో కూర్చున్నానంటే మా మనవరాళ్ళు పడీపడీ నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ పని నాకు నాలుగు నెలలు పట్టింది. నాలుగో నెల చివర ఏం జరిగిందో ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇక దాచుకుని ఎవరికి భయపడాలి?

అప్పుడు నాకు పదహారేళ్ళు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కాపురానికి వచ్చి ఏడాది దాటింది. ఎమ్మిగనూరులో మా నాయన నేతవాళ్ళకు నూలు అమ్మేవాడు. మా వీధిలో తెల్లవారింది మొదలు మగ్గాల చప్పుడే. ఆదోనిలో మా మామది పత్తి, జొన్నల వ్యాపారం. ఆ ఇంటి గోడలు రెండు మూరల మందం. వీధిలో పత్తి బండ్లు వరసగా పోతున్నా లోపలికి ఏమీ వినపడేది కాదు. మామా, నా భర్తా పొద్దున అంగడికి పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాళ్ళు. పగలంతా నేనూ, మా అత్తా. అత్త మాట్లాడితే పని చెప్పడానికి, లేదంటే చేసిన పనికి వంక పెట్టడానికి. ఆమెది గట్టి మడి. భోజనాలయ్యేదాకా ఆమె చీర కొంగు కూడా నాకు తగలకూడదు. నన్ను ఎవరూ కొట్టలేదు, తిండికి తక్కువ చేయలేదు. కానీ ఆ ఏడాది పొడుగునా పగటిపూట నన్ను ప్రేమగా తాకిన ప్రాణి లేదు. ఇది ముందే చెప్పుకోకపోతే ఆ కుక్క మీద నాకెందుకంత పిచ్చి పట్టిందో మీకు అర్థం కాదు.

యుద్ధం మొదలైన మరుసటి ఏడు, పత్తి ప్రెస్సు చూసుకునే దొరకు వాళ్ళ దేశం నుంచి పిలుపు వచ్చింది. బంగళాలో ఉన్నవన్నీ తెలిసినవాళ్ళకు పంచి పోయినాడు. ఒకాయనకు గుర్రబ్బండి, ఒకాయనకు కుర్చీలు, మా మామకు కుక్క. గ్రేహౌండ్ అని దాని జాతి పేరు. ఆ మాట ఇంట్లో మామకు తప్ప ఎవరికీ నోరు తిరగలేదు. మేమంతా జాగిలం అనే అన్నాం.

దాన్ని చూడగానే నాకు జాలి కంటే ముందు భయం వేసింది. బూడిద రంగు. పక్కటెముకలు ఎంచొచ్చు. ఎత్తు మాత్రం నా నడుము దాకా ఉంది. అరవదు. కూర్చోదు. నిలబడి వణుకుతుంది. పడుకుంటే కళ్ళు తెరుచుకునే నిద్రపోతుంది. మొదటిసారి అట్లా చూసి చచ్చిపోయిందనుకుని కేక పెట్టాను. అత్త వంటింటి గడప దాకా వచ్చి చూసింది.

"శవాన్ని తెచ్చి నట్టింట్లో పండబెట్టినట్టుంది. ఇది మన ఇంటికి ఊరికే రాలేదే, దేనికో వచ్చింది" అంది.

మామ ముందు ఆ మాట అనలేదు. మామకు ఆ కుక్కంటే గొప్ప. సాయంత్రం అరుగు మీద కూర్చుని దాన్ని పక్కన నిలబెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకు చూపించేవాడు. దాని తోలు పలచన, ఎండకూ చలికీ తట్టుకోలేదు, ఇంట్లోనే ఉంచుకోమని దొర మరీ మరీ చెప్పినాడట. దొర మాట మామకు వేదం. కనుక కుక్క ఇంట్లో ఉండాలి. ఇంట్లో మడి కూడా ఉండాలి. ఈ రెంటికీ మధ్య నేనున్నాను.

దాన్ని తాడు పట్టుకుని తీసుకొచ్చిన మనిషిని గురించి ఇక్కడే చెప్పాలి. నలభై ఏళ్ళుంటాయి. ఊరి బయట పేటలో ఉండేవాడు, ఆదివారం పూట ప్రార్థనకు పోయేవాడు. దొర ఉన్నన్నాళ్ళూ బంగళాలో కుక్కల గూడు కడిగే పని చేశాడు. అంతకు ముందు అతనిదీ, అతని పెళ్ళానిదీ పాతరలు తీసే పని. దొర పోయాక మళ్ళీ ఆ పనికే వచ్చాడు. మా ఇంట్లో అతన్ని అందరూ ఒరే అనేవాళ్ళు. అత్త వినకుండా నేను అప్పా అనేదాన్ని. నా ధైర్యం అంతవరకే.

పాతర అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. జొన్నలు దాచే గొయ్యి. రెండు నిలువుల లోతు, అడుగున వెడల్పు, పైన మనిషి దిగేంత నోరు. లోపల చుట్టూ ఎండు చొప్ప పరిచి జొన్నలు నింపి, నోటి మీద బండ వేసి, అంచుల్లో మట్టి మెత్తి మూసేవాళ్ళు. ఒక్క చుక్క నీరు, ఒక్క ఊపిరి గాలి లోపలికి పోకపోతే మూడేళ్ళయినా గింజ చెడదు. మా ఇంటి పాతర వెనక వసారాలో ఉండేది. వసారా అంతా నాపరాళ్ళు పరిచి ఉండేది, మధ్యలో పాతర బండ. దానికి అత్త ప్రతి శుక్రవారం పసుపు కుంకుమ పెట్టేది. ఇంటికి అన్నం పెట్టే తల్లి అనేది.

జాగిలం వచ్చిన మర్నాడు పొద్దున సరిగ్గా ఆ బండ మీద నిలబడి పోసింది.

అత్త పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి తొంగి చూశారు. పేడనీళ్ళు చల్లించింది. ఆపైన మూడు కడవల నీళ్ళు నాచేత తెప్పించి పోయించింది. మూడు పోస్తే గానీ మైల పోదని ఆమె లెక్క. మరునాడు కూడా అదే వేళకు, అదే బండ మీద. మళ్ళీ మూడు కడవలు. మూడో రోజూ అంతే. నేను చీపురు తిరగేసి ఒక దెబ్బ వేశాను. అది అరవలేదు, పారిపోలేదు. తల వంచుకుని కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రం దాన్ని తెచ్చిన మనిషి నడక పెట్టడానికి వచ్చాడు, రోజూ వచ్చేట్టు మామ కుదుర్చుకున్నాడు. అతను పెరటి వాకిట్లో వేపచెట్టు దాకా రావచ్చు. వసారా మెట్టు ఎక్కకూడదు. కుక్క నట్టింట్లో తిరగొచ్చు, దాన్ని సాకిన మనిషి మెట్టెక్కకూడదు. ఇందులో తప్పు ఉన్నట్టు అప్పట్లో మాకెవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నేను వసారా అంచున నిలబడి చెప్పుకున్నాను. అతను చెట్టు కింద నుంచి జవాబు చెప్పాడు.

"దాన్ని కొట్టద్దు సిన్నమ్మా. కొడితే ఇంట్లో పొయ్యకూడదని నేర్సుకోదు. నువ్వు సూడంగా పొయ్యకూడదని నేర్సుకుంటాది."

"మరి ఆ బండే ఎందుకప్పా? ఇంత ఇల్లు పెట్టుకుని?"

"తప్పు దానిది గాదు, నాది. బంగళాలో దాని గూడు అంతా బండలే. అది బండ మీద పోస్తాంటే నేను నీళ్ళు కొట్టి కడుగుతాంటిని. బండ, నీళ్ళు, అదే దాని దొడ్డి. ఈడ గూడా మీరు బండ మీద నీళ్ళు పోస్తాండారు. నా చోటు ఇదే అనుకుంటాంది, పాపం."

అతను వసారా వైపు చూశాడు.

"ఇంకో మాట సిన్నమ్మా. పాతర మింద నీళ్ళు పొయ్యద్దు. తడిగుడ్డ పెట్టి తుడువు సాలు. అంచుల మట్టి కరిగితే నీళ్ళు కిందకు దిగుతాయి."

ఆ మాట అత్తకు చెప్పాను. తడిగుడ్డతో తుడిస్తే మైల పోతుందా అని అడిగింది. నేను మళ్ళీ కడవ ఎత్తుకున్నాను. ఆమె ఆచారం ఆమెది. నా చేతులు నావే కదా, ఒక కడవ తగ్గించి పోసుంటే ఆమె గమనించేది కూడా కాదేమో. నేను తగ్గించలేదు. మూడంటే మూడు, లెక్క తప్పకుండా పోశాను. బుద్ధిమంతురాలైన కోడలిని.

నేర్పడం మాత్రం అతను చెప్పినట్టే మొదలుపెట్టాను. అది నిద్ర లేవగానే, తినగానే, నీళ్ళు తాగగానే తాడు పట్టుకుని పెరడు దాటి, వెనక వాకిలి తీసి, సందులో ఇసుక ఉన్న చోటికి తీసుకుపోవాలి. మొదటిసారి దాని ఉచ్చ అద్దిన గుడ్డ ఒకటి ఆ ఇసుకలో పాతిపెట్టాం, వాసన పట్టడానికి. అక్కడ నిలబడి ప్రతిసారీ ఒకటే మాట అనాలి. "కానీ తల్లీ" అని నేను పెట్టుకున్నాను. పోస్తే చిన్న పటికబెల్లం ముక్క. పొయ్యకపోతే తిట్టకుండా వెనక్కి తేవడం. తెచ్చాక దాని మీద నుంచి చూపు తిప్పకూడదు. ముక్కు నేలకు పెట్టి తిరుగుతుందంటే వెంటనే బయటికి.

వినడానికి ఏముంది, సులువే. ఆ ఇంట్లో చేసి చూడాలి. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే నేను తాడు పట్టుకుని పరిగెత్తాలి. కుక్కను ముట్టుకున్న చేతులతో వంటింట్లోకి రాకూడదు కనుక వచ్చిన ప్రతిసారీ కాళ్ళూ చేతులూ కడుక్కుని చీర మార్చుకోవాలి. రోజుకు ఆరు చీరలు ఆరేసిన రోజులున్నాయి. చాకలామె "ఏమమ్మా, కొత్త పెండ్లికూతురికి దినామూ పండగేనా?" అని ఎగతాళి చేసేది.

నెల తిరిగేసరికి అది నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది. నేను గోడ పక్కన నిలబడి తాడు విప్పుతుంటే వచ్చి తన బరువంతా నా తొడకు ఆనించి నిలబడేది. ఆ జాతికి అది అలవాటట. నాకది తెలియదు. ఇంతమందిలో నన్నే ఎంచుకుందనుకున్నాను. వెచ్చగా, వణుకుతూ, ఏమీ అడక్కుండా ఆనుకునేది. ఒకసారి అట్లా నిలబడే ఏడ్చేశాను. ఎందుకంటే చెప్పలేను. సందులో ఇసుకలో అది సగం రోజులు పోసేది. మిగతా సగం రోజులు నేను ఒక్క క్షణం అటు తిరిగితే చాలు, పాతర బండ మీద పోసేది. మూడు కడవలు.

చైత్రం దాటాక ఒక రాత్రి భోజనాల దగ్గర అత్త మామకు గట్టిగానే చెప్పింది.

"ఆషాఢంలో పాతర తియ్యాల. ఆ పొద్దుకు ఇది ఆ బండ మీద పొయ్యడం మానకపోతే ఆలూరు పక్క వేటగాళ్ళకు ఇచ్చేస్తా. దొర వచ్చి అడిగితే నేను చెప్పుకుంటా."

మామ మజ్జిగ పోసుకుంటూ సరే అన్నాడు. గొప్ప చూపించుకోవడం అయిపోయింది ఆయనకు. మర్నాడు సాయంత్రం చెట్టు కింద మనిషిని అడిగాను, వేటగాళ్ళు ఎట్లా చూసుకుంటారని.

"కుందేళ్ళ యెనక రాళ్ళలో పరిగెత్తిస్తారు. దీని కాళ్ళు సూసినావా, ఊదుగడ్డీల మాదిరి సన్నం. ఇరిగినాక ఆడనే ఇడిసిపెట్టి వస్తారు" అన్నాడు.

అప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే తల్లికి ఎంత ధ్యాస ఉంటుందో అంత ధ్యాస దాని మీదే. అత్త తిడుతున్నా వినపడేది కాదు. ఆ ధ్యాసలో పడి నేను చూసి కూడా పట్టించుకోనివి కొన్ని ఉన్నాయి. అవి ఇప్పుడు వరసగా గుర్తొస్తాయి.

వైశాఖంలో వసారాలో ఒక వాసన మొదలైంది. పులిసిన గంజి వాసన. కుక్క వల్లేనని అత్త అంది, నేనూ అదే అనుకున్నాను. ఇంకో కడవ ఎక్కువ పోశాం. తర్వాత బండ అంచుల పగుళ్ళలో నుంచి నల్లటి జొన్న పురుగులు బయటికి రావడం మొదలుపెట్టాయి. ఒకటీ రెండూ కాదు, బారులు కట్టి వచ్చేవి, కిందేదో తరుముతున్నట్టు. పొద్దున్నే ఊడ్చి పారబోసేదాన్ని. జ్యేష్ఠంలో నాలుగు చినుకులు పడి చల్లబడ్డాక జాగిలం ఆ బండ మీదే పడుకోవడం మొదలుపెట్టింది. లేపుదామని వంగి చెయ్యి పెడితే బండ వెచ్చగా తగిలింది. కుక్క పడుకుంది కాబట్టి వెచ్చబడింది అనుకున్నాను. అది లేచి పోయిన చాలాసేపటికి కూడా వెచ్చగానే ఉందని ఒకసారి గమనించాను. గమనించి నా పనికి నేను పోయాను.

ఆ ఏడు వానలు మళ్ళీ రాలేదు. ఊళ్ళో జొన్నలకు కరువొచ్చింది. ఆషాఢం మూడో వారంలో ఒక బుధవారం పాతర తీయాలని మామ నిర్ణయించాడు. అప్పటికి జాగిలం ఎనిమిది రోజులుగా బండ మీద పోయలేదు. కానీ తనంతట తాను అడగడం లేదు, నేను గంట గంటకూ బయటికి తీసుకుపోతున్నాను, అంతే. పాతర తీసే రోజు నేను పనిలో ఉంటే ఏమవుతుందో అని రాత్రిళ్ళు కూడా లేచి దాన్ని బయటికి తీసుకుపోయేదాన్ని.

పాతర తీసే రోజు మాత్రం పేటవాళ్ళను వసారాలోకి రానిచ్చేవాళ్ళు. సాయంత్రం కడిగేస్తే సరి. తెల్లవారగానే అతనూ, పెళ్ళామూ వచ్చారు. ఇద్దరూ కలిసి గడ్డపార వేసి బండ పక్కకు జరిపారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అతను నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు. పెళ్ళాం అతని మొహంలోకి చూసింది.

పాతర నోరు తెరిచాక మొదటి గంప జొన్నలు పైకి వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మాట్లాడితే గింజకు బరకత్తు, కలిసొచ్చే గుణం, పోతుందంటారు. అది మా ఆదోని ఇళ్ళల్లో అందరూ పాటించేదే. అందుకని చెప్పవలసిందంతా అతను బండ జరపక ముందే నాకు చెప్పి పెట్టాడు. లోపల చెడ్డ గాలి ఉందేమో చూడడానికి లాంతరు తాడు కట్టి దింపాలి. నోటి దగ్గర కొంతసేపు, నడుమ కొంతసేపు, అడుగున చాలాసేపు. ఆరిపోతే దిగకూడదు. చూస్తూ కూర్చోవడం ఆ ఇంటి ఆడమనిషి పని. అత్త మడిలో ఉంది కాబట్టి నేను కూర్చోవాలి.

"దీపం అడుగు దాకా పోయి నిలబడినాదంటే, పైకి తీసి పక్కన పెట్టి లెయ్యి సిన్నమ్మా. నువ్వు లేసినావంటే నేను దిగతా. లెయ్యకపోతే దిగను. మాట పన్లేదు" అన్నాడు.

అంతే. ఇందులో అర్థం కానిది ఏముంది?

ఉదయం తొమ్మిదయ్యుంటుంది. వాళ్ళిద్దరూ రెండు గంటల సేపు కంబళి విసిరి గాలి ఆడించి, పెరట్లో కొట్టం దగ్గర గోనె సంచులు దులుపుకోవడానికి పోయారు. నేను పీట వేసుకుని పాతర నోటి దగ్గర కూర్చుని లాంతరు దింపాను. జాగిలం స్తంభం దగ్గర పడుకుని ఉంది, కళ్ళు తెరుచుకుని. నోటి దగ్గర దీపం బాగానే ఉంది. ఇంకొంచెం దింపాను. నడుమ దాకా పోయింది. మంట కొంచెం చిన్నదయినట్టు అనిపించింది, కానీ నిలబడింది. ఇక అడుగుకు దింపాలి.

అప్పుడు నా మోచేతి కింద చల్లగా తగిలింది. జాగిలం ముక్కు.

తల తిప్పి చూస్తే అది నా పక్కన నిలబడి ఉంది. నా అరచేతిని ముక్కుతో ఒకసారి పొడిచి, పెరటి వైపు నాలుగు అడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్ళీ వచ్చి పొడిచింది. మళ్ళీ పోయి ఆగింది. నాలుగు నెలలుగా నేను దేని కోసం దేవుళ్ళకు మొక్కుకున్నానో అది. అడుగుతోంది. తనంతట తాను, నన్ను, బయటికి తీసుకుపొమ్మని అడుగుతోంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. ఇప్పుడు లేవకపోతే అది ఇక్కడే పోస్తుంది, అదీ ఈ రోజు, పాతర తెరిచి ఉన్న రోజు, అత్త కళ్ళ ముందు. అంతే ఆలోచించాను. లాంతరు వదిలేస్తే జొన్నల్లో పడి అంటుకుంటుందని మాత్రం జాగ్రత్తపడ్డాను. గబగబా పైకి లాగాను. నోటి పక్కన బండ మీద పెట్టాను, వెలుగుతూనే. లేచాను. తాడు కూడా పట్టుకోకుండా దాని వెనక పరిగెత్తాను.

కొట్టం ముందు నుంచే పోయాం. అతను సంచి దులుపుతూ తల ఎత్తి చూశాడు. ముందు కుక్క, తాడు లేకుండా, నేరుగా వెనక వాకిలికి. వెనక నేను. అతనికి మొహమంతా నవ్వు వచ్చింది. మాట్లాడకూడదు కనుక చెయ్యి పైకెత్తి ఊపాడు. నేనూ నవ్వాను. అతన్ని ప్రాణంతో చూడడం అదే చివరిసారి.

సందులో ఇసుక మీద అది రెండు చుట్లు తిరిగి పోసింది. నేను "కానీ తల్లీ" అని కూడా అనలేదు. మోకాళ్ళ మీద కూర్చుని దాని మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకున్నాను. దాని గుండె కొట్టుకోవడం నా చెవికి వినపడుతోంది. కొంగున కట్టుకున్న పటికబెల్లమంతా పెట్టాను. ఎంతసేపు అక్కడ ఉన్నాను? ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో. ఒక మనిషి సంచి కింద పెట్టి, చేతులు దులుపుకుని, పెరడు దాటి, మెట్టెక్కి, ఖాళీగా ఉన్న పీటనూ, బయట వెలుగుతున్న లాంతరునూ చూసి, మోకు పట్టుకుని దిగేంతసేపు.

తర్వాత అతని పెళ్ళాం గొంతు వినపడింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పైగా పాతర తెరిచిన ఇంట్లో మొదటి గంప రాకముందే మాట పుట్టింది. నేను ఇంకా ఇసుకలో మోకాళ్ళ మీదే ఉన్నాను. ఏం జరిగిందో నాకు అక్కడే తెలిసిపోయింది, చూడకుండానే.

అంగడి నుంచి మామా, నా భర్తా, పత్తి ప్రెస్సు నుంచి మనుషులూ వచ్చారు. ఒకడు మొహానికి తడిగుడ్డ చుట్టుకుని దిగబోయి సగంలోనే తూలితే పైకి లాగేశారు. చివరికి తాళ్ళకు కొక్కేలు కట్టి అతన్ని పైకి తీసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒంటికి జొన్నలు అంటుకుని ఉన్నాయి. తెల్లటి జొన్నలు కావు. నల్లగా, ఉబ్బి, తడితడిగా, మొలకలు వచ్చి కుళ్ళినవి. అత్త గడపలో నిలబడి ఆ గింజలనే చూసింది. లాంతరు అక్కడే బండ మీద ఉంది. దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు.

అతని పెళ్ళాం ఏడవలేదు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని గింజలు ఒక్కొక్కటీ తీసేస్తూ నన్ను అడిగింది.

"దీపం అడుగు దాకా పోయినాదా సిన్నమ్మా? నిలబడినాదా?"

అందరూ నా వైపు చూశారు. మామ, నా భర్త, ప్రెస్సువాళ్ళు. అత్త. నా పక్కన జాగిలం తొడకు ఆనుకుని నిలబడి ఉంది. కుక్క కోసం లేచానని ఒక్క మాట అంటే ఆ సాయంత్రానికి దాన్ని చంపేస్తారు. నాకేమవుతుందో కూడా తెలుసు. కానీ నిజం చెప్పాలంటే ఇవన్నీ తర్వాత చెప్పుకున్న కారణాలు. అప్పుడు నోటికి వచ్చింది అబద్ధం, అంతే.

"నిలబడిందక్కా" అన్నాను. "అడుగు దాకా పోయి నిలబడింది."

ఆమె తల ఊపింది. నమ్మింది. అట్లయితే దేవుడే పిలుచుకున్నాడు అంది. నన్నేదో ఓదార్చబోతున్నట్టు నా వైపు చెయ్యి చాపి, మైల గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. నెల తిరగకుండా ఇద్దరు బిడ్డల్ని తీసుకుని పత్తికొండ దగ్గర వాళ్ళ పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు వసారా కడగమని అత్త నాకు చెప్పలేదు. సాయంత్రం వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసి, నేల వైపు చూస్తూ అడిగింది.

"రోజుకు ఎన్ని కడవలు పోసినావే?"

"నువ్వు చెప్పినన్నే అత్తా."

అంతకు మించి మేము ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ మాట్లాడుకోలేదు. నా లాంతరు సంగతి ఆమెకు తెలియదు. ఆమె మనసులో తన కడవలే ఉన్నాయి. నేను చెప్పుంటే ఆమె బరువు సగమైనా తగ్గేది. తగ్గనివ్వలేదు. జాగిలాన్ని వేటగాళ్ళకు ఇస్తానన్న మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. మరుసటి వారం నుంచి తన చేత్తోనే దానికి రొట్టె వేసేది, దూరం నుంచి. కుళ్ళిన జొన్నలు తీసే మనిషి దొరకక, పాతరను రాళ్ళూ మట్టీ పోసి పూడ్చేశారు. శుక్రవారం పసుపు కుంకుమలు ఆగిపోయాయి.

కొడితే మానదు, ఎవరూ చూడకుండా చేయడం నేర్చుకుంటుంది అని అతను చెప్పింది కుక్క గురించి. కుక్కను ఆ తర్వాత ఎవరూ కొట్టలేదు. అది ఇంకెప్పుడూ ఇల్లు తడపలేదు, ఒక్కసారి కూడా. తొమ్మిదేళ్ళు బతికింది. నా పిల్లలు దాని వీపు పట్టుకుని నడక నేర్చుకున్నారు. ఇంత బుద్ధిగల కుక్కను ఆదోనిలో ఎవరూ చూడలేదని చూసినవాళ్ళంతా అనేవాళ్ళు, ఎట్లా నేర్పినావమ్మా అని నన్ను అడిగేవాళ్ళు.

ప్రతి పొద్దునా నేను ఎక్కడున్నా వెతుక్కుంటూ వచ్చి అరచేతిని ముక్కుతో పొడిచేది. నేను లేచేదాన్ని. లేచి రెండడుగులు వేశాక ఆగి, కూర్చున్న చోటు వైపు తిరిగి చూసుకునేదాన్ని, నేను లేవడం చూసి అక్కడికి ఎవరైనా వస్తున్నారేమోనని.